కరెంటు బిల్లు ఎందుకంత వచ్చింది? మీ మీటరుతోనే లెక్క తేల్చుకునే పద్ధతి

బిల్లు ఎక్కువొచ్చిన నెలలో మన ఇళ్లలో మొదట వినపడే మాట "ఆ లైట్లు ఆపండ్రా" అని. నిజానికి తొమ్మిది వాట్ల ఎల్‌ఈడీ బల్బును రోజుకు ఐదు గంటల చొప్పున నెలంతా మరిచిపోయి వదిలేసినా ఖర్చయ్యేది 1.35 యూనిట్లు. ఏసీ ఒక్క రాత్రి రెండు గంటలు ఎక్కువ నడిస్తే అంతకన్నా ఎక్కువే అవుతుంది. అంటే మనం తిట్టేది ఒకదాన్ని, బిల్లు పెంచేది ఇంకొకటి.

బిల్లును తేల్చేవి రెండే. వేడి చేసేవి, చల్లబరిచేవి ఎంతసేపు నడిచాయన్నది ఒకటి, నెల మొత్తం వాడకం ఏ శ్లాబులో, అంటే యూనిట్లను బట్టి రేటు మారే ఏ మెట్టులో, పడిందన్నది రెండోది. ఈ రెండూ అంచనాతో తెలియవు, కొలవాలి. కొలవడానికి కొత్త పరికరం కొనక్కర్లేదు, గోడ మీదున్న మీటరు, చేతిలో ఫోను, ఓ ఆదివారం పొద్దున చాలు. లెక్కలు ఆరో తరగతి గుణకార భాగహారాలకు మించి ఉండవు, కాబట్టి టెన్షన్ పడొద్దు.

మొదటి మెట్టు: వోల్టు, ఆంపియరు, వాటు, యూనిట్

మన ఇంటికి వచ్చే సింగిల్ ఫేజ్ సప్లై 230 వోల్టులు, సెకనుకు 50 సైకిళ్లు. ఆ వోల్టేజీ స్తంభం మీద నుంచి వచ్చేది, మన చేతిలో లేదు. ఇంట్లో పెట్టిన వస్తువు కరెంటును ఎంత అడ్డుకుంటుందో దాన్ని రెసిస్టెన్స్ అంటారు, ఓమ్‌లలో కొలుస్తారు. వోల్టేజీని రెసిస్టెన్స్‌తో భాగిస్తే ఆ వస్తువు ఎన్ని ఆంపియర్లు లాగుతుందో వస్తుంది. జర్మనీ శాస్త్రవేత్త జార్జ్ ఓమ్ 1827లో ప్రచురించిన సూత్రం ఇదే. ఇక వోల్టులను ఆంపియర్లతో గుణిస్తే వాట్లు.

మీ గీజరు పట్టుకుని చూద్దాం. దాని మీద 2000 వాట్లు అని ఉంటే, 2000ని 230తో భాగించండి, 8.7 ఆంపియర్లు. 230ని 8.7తో భాగిస్తే లోపలి ఎలిమెంట్ రెసిస్టెన్స్ సుమారు 26.5 ఓమ్‌లు. ఇప్పుడు సాయంత్రం వోల్టేజీ 200కి పడిపోయిందనుకోండి. ఎలిమెంట్ అదే, రెసిస్టెన్స్ అదే, కాబట్టి లాగేది ఏడున్నర ఆంపియర్లే, పవరు దాదాపు 1500 వాట్లకు దిగిపోతుంది. నీళ్లు ఆలస్యంగా కాగుతాయి. "లో వోల్టేజీ వల్ల బిల్లు పెరుగుతుందా" అని చాలామంది అడుగుతుంటారు కదా, గీజరు, ఇస్త్రీపెట్టె లాంటి వాటికి పెరగదు, ఎక్కువసేపు తీసుకుని దాదాపు అవే యూనిట్లు తింటాయి. బోరు మోటారు, పాత ఫ్రిజ్ కంప్రెసర్ సంగతి వేరు, వోల్టేజీ బాగా తగ్గితే అవి అదే పని చేయడానికి ఎక్కువ ఆంపియర్లు లాగి వైండింగ్ వేడెక్కించుకుంటాయి. అక్కడ భయం బిల్లు గురించి కాదు, మోటారు కాలిపోవడం గురించి.

యూనిట్ అంటే వెయ్యి వాట్ల వస్తువు గంటసేపు నడవడం. వాట్లను గంటలతో గుణించి వెయ్యితో భాగిస్తే యూనిట్లు వచ్చేస్తాయి. 75 వాట్ల ఫ్యాను పది గంటలు తిరిగితే ముప్పావు యూనిట్. 750 వాట్ల మిక్సీ చూడ్డానికి భయపెడుతుంది కానీ రోజూ పావుగంట తిప్పినా నెలకు ఐదున్నర యూనిట్లే. ఎన్ని వాట్లు అన్నదాంతో పాటు ఎంతసేపు అన్నది చూడకపోతే ఇలాగే మోసపోతాం.

మోటార్ల మీద హెచ్‌పీ అని రాసి ఉంటుంది. ఒక హెచ్‌పీ 746 వాట్లు, అయితే అది మోటారు బయటికి ఇచ్చే శక్తి, లోపలికి లాగేది అంతకంటే ఎక్కువ. ఒక హెచ్‌పీ పంపుకు గంటకు ఒక యూనిట్ అనుకుని లెక్క వేసుకుంటే పెద్ద తేడా రాదు.

రెండో మెట్టు: మీటరు మీద ఎర్ర లైటు లెక్కపెట్టడం

వస్తువు మీద రాసిన వాట్లు గరిష్ఠం మాత్రమే. ఫ్రిజ్, ఏసీ, వాషింగ్ మెషీన్ ఎప్పుడూ అంత లాగవు. అసలు సంగతి మీటరే చెప్తుంది, అందుకే ఈ మెట్టు దాటేయొద్దు.

ఎలక్ట్రానిక్ మీటరు దగ్గరికి వెళ్లి చూడండి. ముందు భాగంలో చిన్న అక్షరాల్లో 3200 ఐఎంపీ/కేడబ్ల్యూహెచ్ అని, లేదా 1600 అనో 6400 అనో ఉంటుంది. అంటే ఒక యూనిట్ ఖర్చయ్యేలోపు పక్కనున్న చిన్న ఎర్ర లైటు అన్నిసార్లు మిణుకుమంటుందని అర్థం. 3200 మీటరులో ఒక్కో మిణుకు 0.3125 వాట్-అవర్. నిమిషానికి ఒక్క మిణుకు వస్తే ఇంట్లో 18.75 వాట్లు నడుస్తున్నట్టు, నలభై వస్తే 750 వాట్లు. మీ మీటరు 1600ది అయితే ఒక్కో మిణుకుకు 37.5 వాట్లు, 6400 అయితే తొమ్మిదిన్నరకు కొంచెం తక్కువ. ఆ అంకె గుర్తుంటే చాలు.

చేసే పద్ధతి ఇదీ. ఇంట్లోవాళ్లకు ముందే చెప్పి, కంప్యూటరు పని ఉంటే ఆపించి, డీబీలో, అంటే ఇంటికి కరెంటు పంచే పెట్టెలో, ఎంసీబీలన్నీ (లోడు మించితే పడిపోయే స్విచ్చులు) దించేయండి. మీటరు దగ్గర ఐదు నిమిషాలు నిలబడండి. ఎర్ర లైటు మిణకకూడదు. అన్నీ ఆపేసినా మిణుకుతూనే ఉంటే మీ మీటరు నుంచి ఇంకెక్కడికో తీగ వెళ్తోందన్నమాట. మెట్ల లైటు కావచ్చు, వాచ్‌మన్ గది కావచ్చు, కింద పోర్షన్ మోటారు కావచ్చు. పాత ఇళ్లను పోర్షన్లుగా విడగొట్టిన చోట్ల ఇది చాలా మామూలు, అద్దెకు దిగేవాళ్లు మొదటి వారంలోనే ఇది చూసుకోవాలని నేను గట్టిగా చెప్తాను.

ఇక ఒక్కో ఎంసీబీ ఎత్తుతూ ఒక్కో వస్తువే వేయండి. పాత ఫ్యాను ఫుల్ స్పీడులో పెట్టి 3200 మీటరులో ఐదు నిమిషాలు లెక్కపెడితే 20 మిణుకుల దగ్గర వస్తాయి, అంటే 75 వాట్లు. తక్కువ కరెంటుతో తిరిగే కొత్త రకం మోటారున్న బీఎల్‌డీసీ ఫ్యాను అయితే అదే ఐదు నిమిషాల్లో ఎనిమిది. రెండు ఫ్యాన్లూ గాలి ఒకేలా ఇస్తుంటే, తేడా కళ్లెదురుగా ఇలా కనపడ్డాక ఎవరూ నచ్చజెప్పక్కర్లేదు. గీజరు వేస్తే లైటు సెకనుకు ఒకటికి పైగా టకటకా కొడుతుంది, లెక్కపెట్టడం కష్టం, అప్పుడు ఫోనులో వీడియో తీసి నెమ్మదిగా చూసుకోండి. 20 మిణుకులకు 11 సెకన్లు పడితే అది 2000 వాట్లే లాగుతోంది.

రాత్రి అందరూ పడుకునే ముందు ఇంకొకసారి చేయండి, ఈసారి ఎంసీబీలు దించకుండా, మామూలుగా పడుకునేటప్పుడు ఎలా వదిలేస్తారో అలాగే ఉంచి, ఫ్యాన్లు, ఫ్రిజ్ మాత్రం ఒక పది నిమిషాలు ఆపి. నిమిషానికి రెండు మిణుకులు వస్తే 37.5 వాట్లు ఊరికే పోతున్నాయన్నమాట. సెట్‌టాప్ బాక్సు, వైఫై రూటరు, ఇన్వర్టరు, రిమోట్‌తో ఆపిన టీవీ, ఇవన్నీ కలిసి. రోజంతా అలాగే ఉంటే నెలకు 27 యూనిట్లు. లైట్ల మీద అరిచే బదులు సెట్‌టాప్ బాక్సు స్విచ్ గోడ దగ్గర ఆపించడం మేలు.

మీటరు మీద ఈఎల్ (ఎర్త్ లీకేజీ) అని రాసి ఇంకో లైటు ఉంటే దాన్నీ గమనించండి. మన మీటర్లు ఫేజ్‌లో వెళ్లే కరెంటునూ, న్యూట్రల్‌లో తిరిగొచ్చే కరెంటునూ రెండింటినీ చూస్తాయి. రెండూ సమానంగా ఉండాలి. తేడా వస్తే ఆ లైటు వెలుగుతుంది, మీటరు ఆ రెండింట్లో ఎక్కువున్నదాన్నే లెక్కలోకి తీసుకుంటుంది. గోడ తడిసి తీగ నుంచి ఎర్త్‌కు లీక్ అవుతున్నా, పక్క పోర్షన్ న్యూట్రల్ మీ న్యూట్రల్‌తో కలిసిపోయినా ఇదే జరుగుతుంది. రెండో కేసులో పక్కవాళ్లు వాడింది కొంత మీ బిల్లులో పడొచ్చు. ఇన్వర్టరు పెట్టించాకో, కొత్త పోర్షన్ కట్టాకో ఒక్కసారిగా యూనిట్లు పెరిగాయంటే మొదట అనుమానించాల్సింది దీన్నే. మంచి ఎలక్ట్రీషియన్‌ను పిలిచి న్యూట్రళ్లు విడగొట్టమనండి.

మీటరు సీలు మాత్రం ముట్టుకోవద్దు. సీలు తీయడం, మీటరును తారుమారు చేయడం 2003 విద్యుత్ చట్టంలోని 135వ సెక్షన్ కింద కరెంటు చౌర్యం కేసు అవుతుంది. ఇక్కడ చెప్పినవన్నీ చూసి లెక్కపెట్టే పనులే.

మూడో మెట్టు: ఇంటి పట్టిక

హైదరాబాదులో ఒక డబుల్ బెడ్‌రూమ్ ఇల్లు, మే నెల అనుకుందాం. 75 వాట్ల ఫ్యాన్లు మూడు, అన్నీ కలిపి రోజుకు 36 గంటలు తిరిగితే నెలకు 81 యూనిట్లు. ఆశ్చర్యంగా ఉందా? ఏసీ లేని ఇంట్లో అన్నిటికంటే ఎక్కువ తినేది చాలాసార్లు ఫ్యాన్లే. ఫ్రిజ్ 22, లైట్లన్నీ కలిపి 17, టీవీ 12, సెట్‌టాప్ బాక్సు ఊరికే ఉన్నందుకు 6, మిక్సీ 6, వాషింగ్ మెషీన్ 5, నీళ్ల మోటారు రోజుకు అరగంట చొప్పున 15. మొత్తం 164 యూనిట్లు.

దీనికి ఒకటిన్నర టన్ను ఏసీ కలపండి. రాత్రి ఎనిమిది గంటలు, కంప్రెసర్ ఆగుతూ నడుస్తూ సగటున గంటకు 0.8 యూనిట్ అనుకుంటే నెలకు 192. ఒక్క వస్తువు, మిగతా ఇల్లంతా కలిపిన దానికంటే ఎక్కువ. మొత్తం 356.

మీ ఇంటి పట్టిక మీ మీటరు అంకెలతో వేసుకోండి, ఇవి నా ఉదాహరణ అంకెలు. పట్టిక మొత్తం, బిల్లులోని యూనిట్లు పది శాతం అటూఇటూగా కలిస్తే మీ లెక్క బాగున్నట్టే. ముప్పై నలభై శాతం తేడా ఉంటే ఏదో మరిచిపోయారు, లేదా పైన చెప్పిన లీకేజీ ఉంది.

నాలుగో మెట్టు: శ్లాబు అంచు ఎక్కడుందో తెలుసుకోవడం

ఇది ఓపిగ్గా చదవండి, డబ్బంతా ఇక్కడే ఉంది.

తెలంగాణలో 2022 ఏప్రిల్ నుంచి వచ్చిన రేట్ల ప్రకారం, నెల వాడకం వంద లోపు ఉంటే మొదటి 50 యూనిట్లకు 1.95, తర్వాతి 50కి 3.10 రూపాయలు. వంద దాటి 200 లోపు ఉంటే మొదటి వందకు 3.40, మిగతావాటికి 4.80. 200 దాటిందా, మొదటి 200 యూనిట్లకూ 5.10 పడుతుంది, ఆపైన 300 దాకా 7.70, 400 దాకా 9 రూపాయలు, 800 దాకా 9.50, అది కూడా దాటితే 10. కిలోవాట్ లెక్కన ఫిక్స్‌డ్ ఛార్జీ, కస్టమర్ ఛార్జీ, యూనిట్‌కు ఆరు పైసల విద్యుత్ సుంకం వీటికి అదనం.

గమనించారా, దాటగానే కింది యూనిట్ల రేటు కూడా మారిపోతోంది. సరిగ్గా 200 యూనిట్లు వాడితే 820 రూపాయలు. 201 వాడితే 1,027 రూపాయల 70 పైసలు. ఆ ఒక్క యూనిట్ ఖరీదు 207 రూపాయల పైమాటే. వంద దగ్గర కూడా ఇలాంటి గట్టే ఉంది, అక్కడ ఒక్క యూనిట్‌కు 92 రూపాయలు. తెల్లకార్డు ఉండి గృహజ్యోతి కింద సున్నా బిల్లు వస్తున్నవాళ్లకు 200 దాటడం ఇంకా పెద్ద దెబ్బ, ఆ నెల మొత్తం బిల్లు కట్టాల్సిందే.

అందుకే తెలంగాణలో ఉన్నవాళ్లు రీడింగ్ తీసిన రోజు నుంచి ఇరవయ్యో రోజున మీటరు ఒకసారి చూసుకోవడం అలవాటు చేసుకోవాలి. అప్పటికి 145 అయ్యాయంటే ముప్పయ్యో రోజుకు 217 అవుతాయి. మిగిలిన పది రోజుల్లో ఆ 17 యూనిట్లు తగ్గించగలిగితే 330 రూపాయలు మిగులుతాయి. ఏడాదిలో మిగతా నెలల్లో ఎంత తంటాలు పడినా 17 యూనిట్లకు అంత రాదు.

ఒకే మీటరు మీద రెండు కాపురాలు ఉన్నచోట జరిగే అన్యాయం కూడా ఇక్కడే ఉంది. రెండు ఇళ్లు చెరి 150 యూనిట్లు వాడితే, విడివిడి మీటర్లుంటే ఒక్కొక్కరికి 580, ఇద్దరికీ కలిపి 1,160. ఒకే మీటరు అయితే 300 యూనిట్లకు 1,790. ఆ 630 రూపాయల తేడా ప్రతి నెలా కట్టేది సాధారణంగా అద్దెకున్నవాళ్లే. అద్దె మాట్లాడుకునేటప్పుడే వేరే మీటరు అడగండి, అది కోరడం తప్పేమీ కాదు.

ఆంధ్రప్రదేశ్‌లో పద్ధతి వేరు. 2022లో తెచ్చిన శ్లాబులు అందరికీ ఒక్కటే: మొదటి 30 యూనిట్లకు 1.90, 75 దాకా 3 రూపాయలు, 125 దాకా 4.50, 225 దాకా 6, 400 దాకా 8.75, ఆపైన 9.75. పై శ్లాబుకు వెళ్లినా కింది యూనిట్ల రేటు మారదు కాబట్టి గట్టు లేదు, 201వ యూనిట్‌కు ఆరు రూపాయలే. అక్కడ జనాన్ని ఎక్కువగా కంగారుపెట్టేవి బిల్లులో విడిగా వచ్చే ట్రూఅప్, ఇంధన సర్దుబాటు వరుసలు. అవి ఈ నెల వాడకానికి సంబంధించినవి కావు, వెనకటి నెలల్లో, ఏళ్లలో వాడిన యూనిట్ల మీద తర్వాత వసూలు చేస్తున్నవి. అందుకే ఈ నెల పొదుపుగా వాడినా ఆ వరుసలు తగ్గవు. బిల్లులు పోల్చుకునేటప్పుడు రూపాయలు కాక యూనిట్లు పోల్చుకోవాలి.

టారిఫ్ ఏటా ఈఆర్‌సీ (విద్యుత్ నియంత్రణ మండలి) ఆర్డరుతో మారే అవకాశం ఉంటుంది, కాబట్టి మీ చేతిలోని తాజా బిల్లు మీదున్న రేట్లతో సరిచూసుకోండి.

మన 356 యూనిట్ల ఇంటికి తిరిగొద్దాం. తెలంగాణ రేట్లలో ఎనర్జీ ఛార్జీలు 2,294 రూపాయలు. ఏసీ లేకపోతే 164 యూనిట్లకు 647. అంటే ఆ 192 ఏసీ యూనిట్లకు పడింది 1,647 రూపాయలు, యూనిట్‌కు ఎనిమిదిన్నర పైన. ఏ వస్తువుకు ఎంత ఖర్చు అని లెక్కవేసేటప్పుడు బిల్లును యూనిట్లతో భాగించిన సగటు వాడకండి, మీరున్న పై శ్లాబు రేటు వాడండి. తగ్గించినప్పుడు మిగిలేది ఆ రేటుకే.

ఐదో మెట్టు: ఎక్కడ తగ్గించాలి

ఏసీతోనే మొదలుపెట్టాలి. ఏసీ చల్లదనాన్ని తయారుచేయదు, గదిలో వేడిని తీసి బయట పారేస్తుంది. ఒకటిన్నర టన్ను అంటే సుమారు 5.3 కిలోవాట్ల వేడిని తోడగలదని. దానికి లాగే కరెంటు మాత్రం దాదాపు ఒకటిన్నర కిలోవాట్. తోడాల్సిన వేడి ఎంత తక్కువుంటే బిల్లు అంత తక్కువ. తలుపు కింద సందు, పడమటి గోడ, డాబా మీద ఎండ, ఇవన్నీ తోడాల్సిన వేడే. రిమోట్‌లో 18 పెడితే త్వరగా చల్లబడుతుందని చాలామంది నమ్మకం, మామూలు ఏసీ ఎంత పెట్టినా ఒకే వేగంతో చల్లబరుస్తుంది, 18 పెడితే ఆగకుండా నడుస్తుంది అంతే. ఒక్కో డిగ్రీ పెంచితే దాదాపు ఆరు శాతం కరెంటు మిగులుతుందని కేంద్ర ఇంధన సామర్థ్య సంస్థ బీఈఈ చెప్తుంది, 2020 జనవరి నుంచి స్టార్ లేబుల్ ఏసీలు 24 డిగ్రీల డిఫాల్ట్‌తోనే రావాలన్న నిబంధన కూడా అందుకే. 26లో పెట్టి ఫ్యాను నెమ్మదిగా వేసుకోండి, ఒంటికి తగిలే గాలి మిగతాది చూసుకుంటుంది. ఫిల్టరు రెండు వారాలకోసారి కడగండి, బయటి యూనిట్ ముందు సామాన్లు పెట్టకండి.

అనంతపురం, కర్నూలు, మహబూబ్‌నగర్, నిజామాబాద్ లాంటి పొడి ఎండల ఊళ్లలో ఏప్రిల్, మే నెలలకు కూలరు చక్కగా సరిపోతుంది, రెండొందల వాట్ల లోపు తింటుంది. విశాఖ, కాకినాడ, మచిలీపట్నంలో గాలిలోనే తేమ ఎక్కువ, నీళ్లు ఆవిరి కావు, కూలరు పెడితే గది ఉక్కపోతగా తయారవుతుంది. అక్కడ ఆ డబ్బు పెట్టకండి.

తర్వాత ఫ్యాన్లు. 81 యూనిట్లు తినే ఆ మూడింటినీ 30 వాట్ల బీఎల్‌డీసీకి మారిస్తే 32కి దిగుతుంది, 49 యూనిట్లు మిగులు. ఏసీ నడిచే నెలలో 9 రూపాయల శ్లాబులో ఉంటే నెలకు 437, ఏసీ లేని నెలలో 4.80 శ్లాబులో అయితే 233. ఫ్యాను మూడు వేల చుట్టుపక్కల ఉంటుంది, ఎక్కువ గంటలు తిరిగే గది ఫ్యానే ముందు మార్చండి, ఎప్పుడో వాడే గదిది అలాగే ఉంచండి. గోడకు పెద్ద డబ్బాలాంటి పాత రెగ్యులేటరు ఉంటే, స్పీడు తగ్గించినప్పుడు అది మిగతా పవరును వేడిగా పోగొడుతుంది, దాన్ని మాత్రం వెంటనే ఎలక్ట్రానిక్ రెగ్యులేటరుకు మార్చేయొచ్చు, ఖర్చు తక్కువ.

చలికాలం నీళ్లు కాచుకోవడం. ఒక బకెట్, అంటే 20 లీటర్ల నీటిని 25 డిగ్రీల నుంచి 40కి తేవడానికి 0.35 యూనిట్ కావాలి. ఇది ప్రకృతి లెక్క, ఏ కంపెనీ గీజరైనా ఇంతకు తగ్గించలేదు. నలుగురుంటే రోజుకు 1.4, నెలకు 42 యూనిట్లు. షవరు కింద పది నిమిషాలు నిలబడితే మనిషికి ఇంకా ఎక్కువ. రాడ్ హీటరు చవక అనుకోవద్దు, నీటికి కావలసిన వేడి ఒక్కటే, ఆదా ఏమీ లేదు, ప్రమాదం మాత్రం ఉంది. స్విచ్ ఆపి ప్లగ్ తీసేదాకా ఆ బకెట్‌లో చేయి పెట్టకూడదు, పిల్లలున్న ఇంట్లో దాన్ని అసలు పెట్టుకోకపోవడమే మంచిది. గీజరు స్నానానికి పావుగంట ముందు వేసి, అయ్యాక ఆపేయండి. బోరు నీళ్ల ఇళ్లలో ఎలిమెంట్ మీద సున్నం పేరుకుంటుంది, దానివల్ల బిల్లు పెద్దగా పెరగదు గానీ ఎలిమెంట్ లోపల వేడెక్కి త్వరగా పోతుంది, ఏడాదికోసారి తీయించాలి.

ఇండక్షన్ స్టవ్ మీద వండితే లాభమా అంటే, మీ శ్లాబు బట్టి. 14.2 కిలోల సిలిండరు చేసే వంటకు ఇండక్షన్ మీద సుమారు 130 యూనిట్లు పడతాయి. 4.80 లెక్కన 620 రూపాయలు, 9 లెక్కన 1,170. మీ సిలిండరు ధర పక్కన పెట్టి చూసుకోండి. తెలంగాణలో ఆ 130 యూనిట్లు మిమ్మల్ని 200 గట్టు దాటిస్తే మాత్రం దండగే.

ఫ్రిజ్ గురించి ఎక్కువ ఆలోచించకండి. తలుపు రబ్బరు దగ్గర కాగితం పెట్టి మూసి లాగితే ఊడి రాకూడదు, వెనక గోడకు కాస్త ఎడం ఉండాలి, అంతే.

ఆరో మెట్టు: కొనకూడనిది

సాకెట్‌లో పెడితే చాలు బిల్లు ముప్పై నలభై శాతం తగ్గుతుందని అమ్మే పవర్ సేవర్ డబ్బాలు కొనొద్దు. అందులో ఉండేది ఒక చిన్న కెపాసిటరు, ఒక దీపం. కెపాసిటరు మోటార్ల వల్ల తగ్గే పవర్ ఫ్యాక్టర్‌ను, అంటే లాగిన కరెంటులో నిజంగా పనికొచ్చే వాటాను, కొంత సరిచేయగలదు, అది నిజమే. ఫ్యాక్టరీలకు పవర్ ఫ్యాక్టర్ తగ్గితే పెరిగే కేవీఏహెచ్ లెక్కన బిల్లు వేస్తారు కాబట్టి వాళ్లకు కెపాసిటర్లు అవసరం. మన ఇళ్లకు బిల్లు కేడబ్ల్యూహెచ్, అంటే యూనిట్ల మీద, పవర్ ఫ్యాక్టర్ ఎంతున్నా ఆ అంకె మారదు. నమ్మకం లేకపోతే రెండో మెట్టులో చెప్పినట్టు ఫ్యాను వేసి, డబ్బా పెట్టకముందు ఐదు నిమిషాలు, పెట్టాక ఐదు నిమిషాలు మిణుకులు లెక్కపెట్టండి.

ఏడో మెట్టు: వైరింగు

లూజ్ కనెక్షన్ అంటే అక్కడ అదనపు రెసిస్టెన్స్ పుట్టినట్టు. ఆంపియర్లను ఆంపియర్లతోనే గుణించి, దాన్ని ఓమ్‌లతో గుణిస్తే అక్కడ పుట్టే వేడి వస్తుంది. గీజరు ప్లగ్ దగ్గర అర ఓమ్ వచ్చినా, తొమ్మిది ఆంపియర్లకు 40 వాట్ల వేడి, వేలెడంత ప్లాస్టిక్ లోపల. ప్లగ్ గోధుమరంగుకు తిరగడం, కాలిన వాసన, ముట్టుకుంటే వేడి, వీటిలో ఏది కనపడినా ఆ రోజే సాకెట్ మార్పించండి. బిల్లులో దీని వాటా చిన్నది, మంటలు లేచే ప్రమాదం పెద్దది. గీజరుకు, ఏసీకి విడిగా 4 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగ, తగిన ఎంసీబీ ఉండాలి, లైట్ల తీగ మీద వేలాడదీయకూడదు.

డీబీలో 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే సప్లై ఆపేసే స్విచ్) లేకపోతే పెట్టించండి. ఎంసీబీ తీగను కాపాడుతుంది, మనిషిని కాపాడేది ఆర్‌సీసీబీ. దానిమీద టెస్ట్ బటన్ నెలకోసారి నొక్కితే టక్కున పడిపోవాలి. అది పదేపదే పడిపోతుంటే విసిగిపోయి తీసేయించకండి, ఇంట్లో ఎక్కడో లీకేజీ ఉందని అది చెప్తోంది. ఈ పనులు మీరు చేయొద్దు, లైసెన్సున్న ఎలక్ట్రీషియన్‌తోనే చేయించండి.

ఎనిమిదో మెట్టు: లెక్క కలవకపోతే

ఇవన్నీ చేశాక కూడా మీ పట్టికకు, బిల్లుకు పొంతన లేకపోతే అప్పుడు మీటరును అనుమానించాలి. ముందు బిల్లు మీదున్న రీడింగ్, మీటరు చూపించే రీడింగ్ పోల్చండి. రీడింగ్ తప్పుగా కొట్టడం, తలుపు తాళం ఉంటే సగటు వేసేయడం జరుగుతుంటాయి. ఆర్‌ఎండీ అనే అంకె కూడా చూడండి, అది ఆ నెలలో ఒకేసారి నడిచిన గరిష్ఠ లోడు, మీ కాంట్రాక్టెడ్ లోడును, అంటే కనెక్షన్‌కు మీరు తీసుకున్న లోడును, దాటుతుంటే అదనపు లోడు కట్టమని నోటీసు రావచ్చు. గీజరు, ఇస్త్రీపెట్టె, మోటారు ఒకేసారి వేయకుండా చూసుకుంటే అది అదుపులో ఉంటుంది.

ఫిర్యాదుకు 1912కు ఫోన్ చేసి నంబరు తీసుకోండి, సెక్షన్ ఆఫీసులో రాతపూర్వకంగా ఇవ్వండి. ఫీజు కట్టి మీటరు టెస్టింగ్ కోరవచ్చు. అక్కడ తేలకపోతే డిస్కమ్‌లోని (కరెంటు పంపిణీ సంస్థ) వినియోగదారుల ఫిర్యాదుల పరిష్కార వేదికకు, అక్కడా న్యాయం జరగలేదనిపిస్తే విద్యుత్ అంబుడ్స్‌మన్‌కు వెళ్లొచ్చు, వకీలు అవసరం లేదు. వెళ్లేటప్పుడు ప్రతి నెలా ఒకే తేదీన తీసిన మీటరు ఫోటోలు, రీడింగుతో పాటు మీటరు నంబరు కూడా స్పష్టంగా పడేలా తీసినవి, దగ్గర ఉంచుకోండి. మాటల మీద వాదించేవాళ్లకంటే ఆ ఫోటోలు, మీ పట్టిక పట్టుకెళ్లినవాళ్ల పని త్వరగా అవుతుంది.